క్యూఏటీ ఆన్ చేశాక కంప్రెషన్ నడుస్తోంది, హ్యాండ్‌షేకులు మాత్రం సీపీయూ మీదే. పైగా డేటాబేస్ నెమ్మదించింది

పెన్నా_గట్టు · నెల్లూరు

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. కొత్తవాళ్ళకి: క్యూఏటీ అంటే గుప్తీకరణ, కంప్రెషన్ లెక్కలు సీపీయూ కోర్ల బదులు చేసిపెట్టే ఇంటెల్ హార్డ్‌వేర్.

రొయ్యల గుంటల మీద పెట్టిన సెన్సర్ బాక్సుల నుంచి డేటా తీసుకునే సర్వర్ నా బాధ్యత. ఇటు ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అటు సింగరాయకొండ, కొత్తపట్నం దాకా బాక్సులున్నాయి. నీళ్ళలో ఆక్సిజన్, పీహెచ్, ఉప్పదనం, వేడి పంపుతుంటాయి. ఆక్సిజన్ పడిపోతే రైతు ఫోనుకు అలారం పోవాలి. తెల్లవారుజామున ఆక్సిజన్ ఎటూ తక్కువే ఉంటుంది. ఆ టైములో కరెంటు పోయి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రైతుకు ఉండే టెన్షన్ మీకు తెలిసిందే.

మాకు అసలు దెబ్బ కరెంటు పోయినప్పుడు కాదు, తిరిగి వచ్చినప్పుడు. ఆ ఫీడరు కింద ఉన్న బాక్సులన్నీ ఒకేసారి లేచి, ఒకేసారి టీఎల్‌ఎస్ (గుప్తీకరించిన) కనెక్షన్ అడుగుతాయి. ఒక్కో కనెక్షన్ మొదట్లో జరిగే హ్యాండ్‌షేక్‌లో సర్వర్ తానెవరో రుజువు చేస్తూ ఆర్‌ఎస్‌ఏ 2048 సంతకం పెట్టాలి. కోర్లన్నీ నిండిపోతాయి, అలారాలు క్యూలో ఆగిపోతాయి. అందుకే కొత్త సర్వర్ తీసుకునేటప్పుడు క్యూఏటీ ఉన్న ప్రాసెసర్లే అడిగి తీసుకున్నాం.

మెషిన్: రెండు సాకెట్లు, 4వ తరం జియాన్ స్కేలబుల్. ఎల్‌ఎస్‌పీసీఐలో సాకెట్‌కి ఒకటి చొప్పున రెండు 4940 డివైస్‌లు (క్యూఏటీ ఇవే) కనిపిస్తున్నాయి. రాకీ లినక్స్ 9, కెర్నెల్‌తో వచ్చే డ్రైవరే, ప్రోగ్రాములు క్యూఏటీని వాడుకోవడానికి క్యూఏటీలిబ్ ప్యాకేజీ. ముందు కనెక్షన్లు అందుకునే హెచ్‌ఏప్రాక్సీ, వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. పోస్ట్‌గ్రెస్ డేటా ఉన్న వాల్యూమ్ లక్స్ (లినక్స్ డిస్కు గుప్తీకరణ) ఎన్‌క్రిప్షన్‌తో ఉంది.

ఇప్పటి పరిస్థితి ఇది. క్యూఏటీ వాడే క్యూజిప్‌తో బ్యాకప్ కంప్రెషన్ బ్రహ్మాండంగా నడుస్తోంది, సీపీయూ అసలు కదలడం లేదు. హ్యాండ్‌షేకులు మాత్రం హార్డ్‌వేర్‌కి వెళ్ళడం లేదు. ఇంకో విచిత్రం, డ్రైవర్ లోడు చేసిన దగ్గర్నుంచి పోస్ట్‌గ్రెస్‌లో చిన్న చిన్న రాతలు కూడా ఆలస్యమవుతున్నాయి. డిస్కులు బాగానే ఉన్నాయి. ఈ రెండింటికీ సంబంధం ఉందా?

---

ఒంగోలు_ర్యాకు · ఒంగోలు

అన్నా, నా మాట విని డ్రైవర్ తీసేయండి. ఏఈఎస్ గుప్తీకరణ పని సీపీయూలోని ఏఈఎస్-ఎన్‌ఐ సూచనలు ఎలాగూ కళ్ళు మూసి తెరిచేలోగా చేసేస్తాయి. బయటి డివైస్‌కి పంపి తెచ్చుకునేలోపు ఇక్కడే పని అయిపోతుంది. హోస్టింగ్ చేసేవాళ్ళం, ఈ కార్డుల మీద ఆశ పెట్టుకుని డబ్బులు పెట్టినవాళ్ళను చాలామందిని చూశాం.

---

మైపాడు_అల · నెల్లూరు

ఒంగోలు అన్న చెప్పింది ఏఈఎస్ వరకు నిజం. కానీ పెన్నా_గట్టు గారి ఇబ్బంది ఏఈఎస్ కాదు, ఆర్‌ఎస్‌ఏ సంతకం. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. ఏఈఎస్‌కి సీపీయూలో ప్రత్యేక సూచనలున్నాయి. ఆర్‌ఎస్‌ఏ ప్రైవేట్ కీ లెక్క మాత్రం పెద్ద పెద్ద అంకెల గుణకారం, కోర్ సమయం తినేసే పని. డివైస్‌కి పంపాల్సింది కొన్ని వందల బైట్లు, చేయాల్సిన లెక్క బోలెడు. ఇలాంటి పనికే యాక్సిలరేటర్ లాభం.

హార్డ్‌వేర్ జోలికి పోయే ముందు రెండు ప్రశ్నలు.

ఒకటి, సర్టిఫికెట్ ఈసీడీఎస్‌ఏకి (ఇంకో రకం సంతకం) మార్చలేరా? దాని పీ-256 సంతకం ఆర్‌ఎస్‌ఏ 2048తో పోలిస్తే సర్వర్‌కి చాలా తేలిక.

రెండు, సెషన్ టికెట్లు ఆన్‌లో ఉన్నాయా? పాత టికెట్ చూపించి తిరిగొచ్చే క్లయింట్‌కి మళ్ళీ సంతకం అక్కర్లేదు.

---

పెన్నా_గట్టు · నెల్లూరు

అక్కా, రెండూ ఆలోచించాం. బాక్సుల్లోని మోడెమ్ ఫర్మ్‌వేర్ ఆర్‌ఎస్‌ఏ సర్టిఫికెట్ తప్ప ఒప్పుకోదు. గుంట గుంటకీ తిరిగి మార్చడం ఇప్పట్లో అయ్యే పని కాదు. టికెట్లు ఆన్‌లోనే ఉన్నాయి, కానీ బాక్సు టికెట్‌ని ర్యామ్‌లో దాచుకుంటుంది. కరెంటు పోతే అదీ పోతుంది. మాకు టికెట్ అవసరమయ్యేది సరిగ్గా ఆ క్షణంలోనే.

---

మైపాడు_అల · నెల్లూరు

అర్థమైంది. అయితే ఆర్‌ఎస్‌ఏకి హార్డ్‌వేర్ వాడడం మీకు న్యాయమే. రైతుల ఫోన్ యాప్‌కి మాత్రం ఈసీడీఎస్‌ఏ ఇవ్వండి. హెచ్‌ఏప్రాక్సీలో ఒకే పేరుకు రెండు సర్టిఫికెట్లూ పెట్టుకోవచ్చు, క్లయింట్ ఏది ఒప్పుకుంటే అది వెళ్తుంది. ఫోన్ల భారం దాంతోనే తగ్గిపోతుంది.

---

కావలి_కెర్నెల్ · కావలి

డేటాబేస్ నెమ్మదించడానికీ హ్యాండ్‌షేకులు వెళ్ళకపోవడానికీ ఒకే కారణం ఉందని నా అనుమానం. తేల్చుకోవడానికి ఇవి పెట్టండి:

ఒకటి, ప్రాక్‌లోని క్రిప్టో ఫైల్లో ఎక్స్‌టీఎస్ ఏఈఎస్ (డిస్కు గుప్తీకరణకి వాడేది) పేరుతో ఉన్న వరసలన్నీ, వాటి డ్రైవర్ పేరు, ప్రయారిటీతో సహా.

రెండు, రెండు డివైస్‌లకీ సిస్‌ఎఫ్‌ఎస్‌లో క్యూఏటీ డైరెక్టరీ కింద ఉండే సీఎఫ్‌జీ_సర్వీసెస్ ఫైల్లో ఏముందో.

మూడు, క్యూఏటీ సర్వీసు మొదలైనప్పుడు డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగ్) వచ్చిన వరసలు. ముఖ్యంగా వీఎఫ్‌లు (ఒకే డివైస్‌ని పంచి చూపే వర్చువల్ భాగాలు) సృష్టించే దగ్గర.

నాలుగు, డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో ఒక్కో డివైస్‌కీ ఎఫ్‌డబ్ల్యూ_కౌంటర్స్ అనే ఫైలు ఉంటుంది. హెచ్‌ఏప్రాక్సీ, బ్యాకప్ రెండూ ఆపి, పోస్ట్‌గ్రెస్ ఒక్కటే నడుస్తుండగా ఆ అంకెలు పెరుగుతున్నాయేమో చూడండి.

---

చీమకుర్తి_బ్లాకు · చీమకుర్తి

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా గ్రానైట్ యూనిట్లో స్లాబుల ఫోటోలు రోజూ బ్యాకప్ తీస్తాం. ఈ కంప్రెషన్ హార్డ్‌వేర్ మాకు పనికొస్తుందా? ఫోటోలే ఎక్కువ.

---

కావలి_కెర్నెల్ · కావలి

జేపెగ్ ఫోటో అంటే ముందే కంప్రెస్ అయినది. దాన్ని మళ్ళీ ఏ హార్డ్‌వేర్‌తో నొక్కినా ఒరిగేదేం లేదు. ఫోటోలను ఉన్నవి ఉన్నట్టు కాపీ చేయండి. ఇన్‌వాయిస్‌లు, కొలతల షీట్లు, డేటాబేస్ డంపు లాంటి టెక్స్ట్ సరుకు ఉంటే దాన్ని విడిగా కంప్రెస్ చేసుకోండి, దానికి మామూలు సీపీయూ చాలు.

---

పెన్నా_గట్టు · నెల్లూరు

కావలి అన్నా, మీరు అడిగినవి:

ఎక్స్‌టీఎస్ ఏఈఎస్ కింద రెండు వరసలున్నాయి. పైన క్యూఏటీ_ఏఈఎస్_ఎక్స్‌టీఎస్, ప్రయారిటీ 4001. కింద ఏఈఎస్-ఎన్‌ఐది, 401.

సర్వీసులు: 6బీ చిరునామాలో ఉన్న డివైస్‌ది సిమ్ (ఏఈఎస్ లాంటివి), ఎసిమ్ (ఆర్‌ఎస్‌ఏ లాంటివి). ఈ8 చిరునామాలో ఉన్నదానిది డీసీ (కంప్రెషన్). ఇవి నేను పెట్టినవి కాదు, అలాగే వచ్చాయి.

డీమెసేజ్: ఈ8 మీద 16 వీఎఫ్‌లు వచ్చాయి. 6బీ మీద డివైస్ బిజీ అని వచ్చి ఆగింది.

కౌంటర్లు: పోస్ట్‌గ్రెస్ ఒక్కటే నడుస్తున్నా 6బీలో అంకెలు గబగబా పెరుగుతున్నాయి.

---

కావలి_కెర్నెల్ · కావలి

దొరికింది. మొదట్నుంచీ చెప్తా, ఇదే ఇబ్బంది ఇంకొకరికి వస్తే వాళ్ళకీ పనికొస్తుంది.

కెర్నెల్ డ్రైవర్ లేవగానే డివైస్‌లకి నంబర్లు ఇస్తుంది. ఎవరూ ఏమీ చెప్పకపోతే సరి నంబరు డివైస్‌ని క్రిప్టోకి, బేసి నంబరుదాన్ని కంప్రెషన్‌కి కేటాయిస్తుంది. అందుకే మీకు ఒకటి సిమ్ ఎసిమ్, ఇంకొకటి డీసీ.

క్రిప్టో డివైస్ లేవగానే కెర్నెల్ క్రిప్టో జాబితాలో తన అల్గారిథమ్‌లను నమోదు చేసుకుంటుంది, 4001 ప్రయారిటీతో. కెర్నెల్లో ఎవరైనా ఎక్స్‌టీఎస్ ఏఈఎస్ కావాలని అడిగితే ఎక్కువ ప్రయారిటీ ఉన్నవాడికే పని దక్కుతుంది. బూట్‌లో మీ లక్స్ వాల్యూమ్ తెరుచుకునేసరికి క్యూఏటీ డ్రైవర్ ముందే లేచి కూర్చుంది. లక్స్ వెనక పనిచేసే డీఎం-క్రిప్ట్ అడిగింది, క్యూఏటీ దక్కింది. అప్పట్నుంచి పోస్ట్‌గ్రెస్ రాసే ప్రతి సెక్టారూ 6బీ డివైస్‌కి వెళ్ళి, గుప్తీకరణ అయి, తిరిగి వచ్చి, ఆ తర్వాత డిస్కుకి పోతోంది. సీపీయూ అక్కడికక్కడే చేసేసే చిన్న పనికి డివైస్ ప్రయాణం అదనపు భారం. ఒంగోలు_ర్యాకు గారు చెప్పింది సరిగ్గా ఇక్కడ వర్తిస్తుంది.

రెండో సగం. క్యూఏటీలిబ్ డివైస్‌ని నేరుగా వాడదు. వీఎఫ్‌లు సృష్టించి, వాటిని వీఎఫ్‌ఐఓకి (డివైస్‌ని ప్రోగ్రాములకి నేరుగా ఇచ్చే కెర్నెల్ భాగం) అప్పగించి, వాటి ద్వారా వాడుతుంది. వీఎఫ్‌లు చేయాలంటే డివైస్‌ని ఒకసారి ఆపి లేపాలి. డీఎం-క్రిప్ట్ దాన్ని పట్టుకుని ఉంది కాబట్టి ఆపడానికి వీల్లేదు, అందుకే బిజీ. క్రిప్టో వీఎఫ్‌లు లేవు కాబట్టి టీఎల్‌ఎస్ లెక్కలను క్యూఏటీకి పంపే క్యూఏటీఇంజిన్‌కి ఎసిమ్ ఇన్‌స్టెన్స్ దొరకలేదు, సైలెంటుగా సాఫ్ట్‌వేర్‌కి పడిపోయింది. డీసీ డివైస్‌ని ఎవరూ పట్టుకోలేదు, అందుకే కంప్రెషన్ చక్కగా నడుస్తోంది.

అంటే మీ రెండు ఫిర్యాదులకీ ముడి లక్స్ దగ్గరే ఉంది.

---

ఒంగోలు_ర్యాకు · ఒంగోలు

బాగా పట్టారు అన్నా. డీఎం-క్రిప్ట్‌కీ క్యూఏటీకీ అసలు పడదని విన్నాను, నిజమేనా?

---

కావలి_కెర్నెల్ · కావలి

ఒకప్పుడు నిజమే. డివైస్ క్యూ నిండిపోయినప్పుడు అడిగిన పనిని వెనక వరసలో దాచిపెట్టి తర్వాత చేసే పద్ధతి అప్పట్లో డ్రైవర్‌లో లేదు. డీఎం-క్రిప్ట్ మాత్రం అది ఉందనే నమ్మకంతో నడుస్తుంది. దాంతో సిస్టమ్ వేలాడిపోయే (హ్యాంగ్ అయ్యే) ప్రమాదం ఉండేది. 2022లో కెర్నెల్ వాళ్ళు కొంతకాలం క్యూఏటీ అల్గారిథమ్‌ల నమోదునే ఆపేశారు. ఆ లోటు సరిచేశాక మళ్ళీ తెరిచారు. ఇప్పుడు వేలాడదు. వేగం సంగతి వేరే, అది ఇప్పుడే చూశాం.

---

మైపాడు_అల · నెల్లూరు

పెన్నా_గట్టు గారికి సిమ్ సర్వీసు అసలు అక్కర్లేదని నా అభిప్రాయం. టీఎల్‌ఎస్‌లో డేటా గుప్తీకరణ ఏఈఎస్-జీసీఎంతో సీపీయూ మీదే జరగనివ్వండి. సెన్సర్ పంపేది కొన్ని వందల బైట్ల ప్యాకెట్, దాన్ని డివైస్‌కి పంపడం దండగ. హార్డ్‌వేర్‌కి వెళ్ళాల్సినవి రెండే: హ్యాండ్‌షేక్‌లో ఆర్‌ఎస్‌ఏ, బ్యాకప్‌లో డిఫ్లేట్ కంప్రెషన్.

రెండు డివైస్‌లకీ ఎసిమ్, డీసీ జంట పెట్టండి. వీఎఫ్‌కి నాలుగు రింగ్ జతలుంటాయి, అందులో రెండు ఎసిమ్‌కి, రెండు డీసీకి వస్తాయి. రెండు సాకెట్ల దగ్గరా రెండు సేవలూ దొరుకుతాయి. ఒక డివైస్ మొరాయించినా రెండోది ఉంటుంది. కెర్నెల్, క్యూఏటీలిబ్ రెండూ కొత్తవై ఉండాలి, పాతవాటిలో ఈ జంట ఒప్పుకోదు.

---

కావలి_కెర్నెల్ · కావలి

అక్క చెప్పిందానికి ఇంకో లాభం ఉంది. ఎసిమ్, డీసీ జంట పెడితే కెర్నెల్ తన కోసం ఇన్‌స్టెన్స్‌లు ఏవీ తీసుకోదు, కాబట్టి ఎక్స్‌టీఎస్ నమోదే జరగదు. కానీ బూట్‌లో డ్రైవర్ మొదట లేచేది తన డీఫాల్ట్‌తోనే. ఆ కాస్త వ్యవధిలో లక్స్ తెరుచుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది. కాబట్టి వరస మార్చాలి:

క్యూఏటీ_4ఎక్స్ఎక్స్ఎక్స్ మాడ్యూల్‌ని మోడ్‌ప్రోబ్ బ్లాక్‌లిస్టులో పెట్టండి. డ్రాకట్‌లో ఆమిట్ డ్రైవర్స్ వరసలో కూడా చేర్చి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో లేచే చిన్న సిస్టమ్) మళ్ళీ కట్టండి. బ్లాక్‌లిస్టు అంటే తనంతట తాను లేవకుండా ఆపడమే, మనం పేరు పెట్టి పిలిస్తే వస్తుంది.

క్యూఏటీ సర్వీసుకి సిస్టమ్‌డీ డ్రాప్-ఇన్ రాసి, క్రిప్ట్‌సెటప్ టార్గెట్ తర్వాతే మొదలవ్వాలని చెప్పండి. అందులోనే ముందుగా మోడ్‌ప్రోబ్ పెట్టండి.

సిస్‌కాన్ఫిగ్ డైరెక్టరీలోని క్యూఏటీ ఫైల్లో సర్వీసెస్‌ఎనేబుల్డ్ దగ్గర ఎసిమ్, డీసీ రాయండి. రెంటి మధ్య సెమీకోలన్, ఖాళీ వదలొద్దు.

లక్స్ వాల్యూమ్ తెరుచుకునేటప్పుడు ఎవరు దొరికితే వారినే చివరిదాకా పట్టుకుని ఉంటుంది. అప్పటికి ఏఈఎస్-ఎన్‌ఐ ఒక్కటే ఉంటే దానితోనే ఉంటుంది, తర్వాత క్యూఏటీ లేచినా మారదు. డిస్కు మీద డేటాకి ఏమీ కాదు, ఇద్దరూ చేసే లెక్క ఒకటే. అయినా రీబూట్‌కి ముందు బ్యాకప్ తీసి, దాన్ని వేరే చోట తెరిచి చూసుకోండి.

---

ఉదయగిరి_చెక్క · ఉదయగిరి

నేను బీటెక్ చదువుతున్నా. అన్నా, ఐఓఎంఎంయూ (డివైస్‌లు ఏ మెమరీ తాకవచ్చో కట్టడి చేసేది) ఆన్ చేయాలని ఎక్కడో చదివాను. ఇక్కడ ఎవరూ చెప్పలేదు?

---

కావలి_కెర్నెల్ · కావలి

మంచి ప్రశ్న తమ్ముడూ. ఆయనకి ఒక డివైస్ మీద వీఎఫ్‌లు వచ్చి, కంప్రెషన్ నడుస్తోంది కాబట్టి అది ఆన్‌లోనే ఉందని తెలుస్తోంది. కొత్తగా పెట్టేవాళ్ళు బయోస్‌లో వీటీ-డీ, ఎస్‌ఆర్-ఐఓవీ రెండూ ఆన్ చేయాలి. కెర్నెల్ కమాండ్ లైన్లో ఇంటెల్ ఐఓఎంఎంయూ ఆన్ అని ఇవ్వాలి. వాడే యూజర్ క్యూఏటీ గ్రూపులో ఉండాలి.

ఇంకొకటి చాలామంది తట్టుకు పడే చోటు. డివైస్ నేరుగా మెమరీ చదువుతుంది కాబట్టి ఆ పేజీలు లాక్ అయి ఉండాలి, అందుకు మెమ్‌లాక్ పరిమితి పెంచాలి. లిమిట్స్ డాట్ కాన్ఫ్‌లో రాసింది లాగిన్ అయ్యే యూజర్లకే వర్తిస్తుంది. సిస్టమ్‌డీ నడిపే హెచ్‌ఏప్రాక్సీకి అది అంటదు. యూనిట్ ఫైల్లోనే లిమిట్ మెమ్‌లాక్ రాయాలి. చేత్తో నడిపితే పనిచేస్తుంది, సర్వీసుగా నడిపితే చేయదు అని ఎవరన్నా అంటే నేను మొదట చూసేది ఇదే.

---

పెన్నా_గట్టు · నెల్లూరు

రాత్రి మెయింటెనెన్స్ తీసుకుని అంతా చేశాను. ఇప్పుడు క్రిప్టో జాబితాలో క్యూఏటీ పేరే లేదు. రెండు డివైస్‌ల మీదా పదహారేసి వీఎఫ్‌లు వచ్చాయి. పోస్ట్‌గ్రెస్ రాతలు పాత వేగానికి వచ్చాయి. కావలి అన్నకి చాలా పెద్ద థాంక్స్.

హ్యాండ్‌షేకులు ఇప్పుడు హార్డ్‌వేర్‌కి వెళ్తున్నాయి, కౌంటర్లు చెప్తున్నాయి. కానీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ స్పీడ్‌తో కొలిస్తే లెక్క నమ్మశక్యంగా లేదు. ఒకలా నడిపితే సీపీయూ కంటే తక్కువ, ఇంకోలా నడిపితే ఆకాశంలో ఉన్న అంకె.

---

మైపాడు_అల · నెల్లూరు

రెండూ తప్పుడు అంకెలే.

తక్కువ వచ్చింది అసింక్ లేకుండా నడిపినప్పుడు. ఒక సంతకం అడిగి, అది వచ్చేదాకా ఆగి, తర్వాత రెండోది అడిగితే డివైస్ ఎక్కువసేపు ఖాళీగానే ఉంటుంది. ఒక్క సంతకానికి పట్టే సమయం డివైస్‌లో సీపీయూ కంటే గొప్పగా ఏమీ ఉండదు. దాని బలమంతా ఒకేసారి ఎన్నో పట్టుకోవడంలో ఉంది. లారీ నిండా సరుకు వేస్తేనే కిరాయి గిట్టుబాటవుతుంది, ఒక్క బస్తా వేసి పంపితే సైకిలే నయం. అసింక్ జాబ్స్ ఆప్షన్ 72 పెట్టి చూడండి, ఇంజిన్ పత్రాల్లో ఉదాహరణగా ఇచ్చే అంకె అదే.

ఆకాశంలో ఉన్న అంకె ఎలాప్స్‌డ్ ఆప్షన్ లేకుండా నడిపినప్పుడు వచ్చింది. ఆ ఆప్షన్ ఇవ్వకపోతే స్పీడ్ ప్రోగ్రాం సీపీయూ వాడిన సమయంతోనే భాగిస్తుంది. పని డివైస్ చేస్తుంటే సీపీయూ సమయం దాదాపు సున్నా, అందుకే అంత పెద్ద ఫలితం. హార్డ్‌వేర్‌ని కొలిచేటప్పుడు ఎలాప్స్‌డ్ తప్పనిసరి.

హెచ్‌ఏప్రాక్సీలో కూడా ఇదే సూత్రం. ఎస్‌ఎస్‌ఎల్-ఇంజిన్ వరసలో క్యూఏటీఇంజిన్ పేరు, అల్గో ఆర్‌ఎస్‌ఏ అని మాత్రమే ఇవ్వండి. దాని కింద ఎస్‌ఎస్‌ఎల్-మోడ్-అసింక్ తప్పకుండా ఉండాలి. అది మర్చిపోతే ప్రతి థ్రెడ్డూ ఒక్కో సంతకం దగ్గర ఆగిపోతుంది.

---

పెన్నా_గట్టు · నెల్లూరు

ఇంజిన్ వరస ఉంది కానీ మోడ్-అసింక్ లేదు, ఇప్పుడు చేర్చాను. ప్యాకేజీలో వచ్చిన హెచ్‌ఏప్రాక్సీ బదులు ఇంజిన్ సపోర్టుతో మేమే కంపైల్ చేసుకున్నది వాడుతున్నాం, అది ముందే ఉంది. అసింక్, ఎలాప్స్‌డ్ రెండూ పెట్టి కొలిస్తే ఇప్పుడు వచ్చే అంకె నిలకడగా ఉంది, సీపీయూ కంటే బాగా ఎక్కువ.

---

ఒంగోలు_ర్యాకు · ఒంగోలు

హెచ్‌ఏప్రాక్సీ బదులు ఎన్జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ వాడేవాళ్ళకి ఒక మాట. మామూలు ఎన్జిన్‌ఎక్స్‌లో ఈ అసింక్ లేదు, ఇంటెల్ వాళ్ళు మార్చి ఇచ్చిన ప్రత్యేక ఎన్జిన్‌ఎక్స్ కావాలి. పైగా దానికి వర్కర్లు వేరు వేరు ప్రాసెస్‌లు. ఒక్కో ప్రాసెస్సూ తన వాటా వీఎఫ్‌లు తీసుకుంటుంది.

---

కావలి_కెర్నెల్ · కావలి

అది ముఖ్యమైన సంగతి. క్యూఏటీలిబ్‌లో పాలసీ అనే అంకె ఉంటుంది. 0 పెడితే ప్రతి ప్రాసెస్‌కీ ఒక్కో డివైస్ నుంచి ఒక్కో వీఎఫ్ ఇస్తుంది. డివైస్‌కి 16 వీఎఫ్‌లే కాబట్టి 16 ప్రాసెస్‌ల దగ్గర ఆగిపోతుంది. పదిహేడోది వచ్చి అడిగితే దానికి ఏమీ దక్కదు.

ఎన్జిన్‌ఎక్స్ రీలోడ్ చేస్తే పాత వర్కర్లు పూర్తిగా పోకముందే కొత్త వర్కర్లు లేస్తారు. ఆ కాసేపు రెట్టింపు వీఎఫ్‌లు కావాలి. వర్కర్ల సంఖ్య ఆ లెక్కతో పెట్టుకోవాలి. హెచ్‌ఏప్రాక్సీ ఒకే ప్రాసెస్‌లో థ్రెడ్లతో నడుస్తుంది కాబట్టి మీకు ఈ బాధ తక్కువ.

పాలసీ 1 పెడితే ప్రాసెస్‌కి ఒకే వీఎఫ్. ప్రాసెస్‌లు ఎక్కువ ఉన్నచోట బాగుంటుంది. కాకపోతే డివైస్‌లకి వేర్వేరు సేవలు పెట్టుకుని ఉంటే, దక్కిన ఆ ఒక్క వీఎఫ్‌లో మీకు కావాల్సిన సేవ ఉందో లేదో చూసుకోవాలి.

---

పెన్నా_గట్టు · నెల్లూరు

ఓహో, అయితే బ్యాకప్‌లో కొన్ని ఫైళ్ళు టకటకా అయిపోయి కొన్ని నత్తనడక నడవడానికి ఇదే కారణం అనుకుంటా. స్క్రిప్టు ఒక్కో మండలం డేటాకీ ఒక్కో క్యూజిప్‌ని ఒకేసారి లేపుతుంది.

---

కావలి_కెర్నెల్ · కావలి

అదే. వీఎఫ్ దొరకని క్యూజిప్‌లు సాఫ్ట్‌వేర్‌తో కానిచ్చేస్తాయి, ఎర్రర్ ఏమీ రాదు. ఒకేసారి నడిచేవాటిని కొద్దిగా ఉంచి, ఒక్కోదానికీ పెద్ద ఫైలు ఇవ్వండి. హెచ్‌ఏప్రాక్సీ కోసం కొన్ని వీఎఫ్‌లు ఎప్పుడూ మిగిలి ఉండాలి. బ్యాకప్ నడిచే టైములో హెచ్‌ఏప్రాక్సీ రీస్టార్ట్ అయి దానికి వీఎఫ్ దొరక్కపోతే, తెల్లారుజామున కరెంటు వచ్చినప్పుడు మళ్ళీ అదే గొడవ.

న్యూమా (ఏ మెమరీ, ఏ డివైస్ ఏ సాకెట్‌కి దగ్గరో) సంగతి కూడా చెప్తాను. డివైస్ ఏ సాకెట్‌దో సిస్‌ఎఫ్‌ఎస్‌లో న్యూమా_నోడ్ ఫైల్లో తెలుస్తుంది. ఆర్‌ఎస్‌ఏకి దీని గురించి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, అటూ ఇటూ పోయేది కొన్ని వందల బైట్లే. కంప్రెషన్‌కి మాత్రం తేడా పడుతుంది, గిగాబైట్ల డేటా సాకెట్ల మధ్య లింకు దాటాలి.

---

మైపాడు_అల · నెల్లూరు

కంప్రెషన్ గురించి నావీ కొన్ని మాటలు, ఎందుకంటే ఇక్కడ వేగం చూసి మురిసిపోయి తర్వాత బాధపడేవాళ్ళు ఉంటారు.

క్యూజిప్ ఫైల్ని 64 కేబీ ముక్కలుగా చేసి ఒక్కో ముక్కనూ విడిగా కంప్రెస్ చేస్తుంది. ఒక ముక్కలో చూసిన పదం ఇంకో ముక్కకి ఉపయోగపడదు. అందుకే జీజిప్ గరిష్ఠ స్థాయితో పోలిస్తే ఫైలు కాస్త పెద్దదిగా వస్తుంది. మీ సెన్సర్ సీఎస్‌వీల్లాంటి వాటికి ఆ తేడా భరించదగిందే.

ఫలితంగా వచ్చే ఫైలు మామూలు గన్‌జిప్‌తోనే తెరుచుకుంటుంది. ఇది చాలా పెద్ద విషయం. రేపు ఈ సర్వర్ పోయినా, క్యూఏటీ లేని ఏ కంప్యూటర్ మీదైనా మీ బ్యాకప్ తెరవొచ్చు. ఆ పని ఒకసారి నిజంగా చేసి చూడండి.

1024 బైట్ల కంటే చిన్నది ఇస్తే క్యూజిప్ వెనకున్న క్యూఏటీజిప్ లైబ్రరీ డివైస్‌కే పంపదు, సాఫ్ట్‌వేర్‌తో చేసేస్తుంది. ఒక్కో రీడింగునూ విడిగా కంప్రెస్ చేయాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. గంట డేటా పోగేసి ఒకేసారి ఇవ్వండి.

వరస ఎప్పుడూ ముందు కంప్రెషన్, తర్వాత ఎన్‌క్రిప్షన్. గుప్తీకరించిన డేటాలో పునరావృతం కనబడదు కాబట్టి తర్వాత కంప్రెస్ చేసి లాభం లేదు. అలాగని వెబ్ జవాబుల్లో రహస్య టోకెన్లూ, యూజర్ పంపిన మాటలూ కలిపి కంప్రెస్ చేయకండి. జవాబు పొడవు చూసి టోకెన్ ఊహించే బ్రీచ్ దాడి 2013లో బయటపెట్టింది దీన్నే. మీ రైతుల లాగిన్ పేజీకి కంప్రెషన్ ఆఫ్ చేయండి, డేటా పేజీలకి ఉంచుకోండి.

---

ఉదయగిరి_చెక్క · ఉదయగిరి

అక్కా, హార్డ్‌వేర్ కంప్రెస్ చేసింది తప్పుగా వస్తే ఎలా తెలుస్తుంది? బ్యాకప్ కదా.

---

మైపాడు_అల · నెల్లూరు

ఇలా అనుమానించడమే కావాలి. డివైస్ కంప్రెస్ చేసిన వెంటనే తానే విప్పి, అసలుదానితో సరిపోయిందో లేదో చూస్తుంది. దీన్ని కంప్రెస్ అండ్ వెరిఫై అంటారు. తేడా వస్తే ఆ ముక్కను కంప్రెస్ చేయకుండానే పెట్టేసే ఏర్పాటు కూడా ఉంది. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో సీఎన్‌వీ_ఎర్రర్స్ ఫైల్లో ఆ లెక్క కనబడుతుంది. అది సున్నా కాకుండా పెరుగుతుంటే డివైస్‌ని అనుమానించాలి.

---

ఉదయగిరి_చెక్క · ఉదయగిరి

కంప్రెషన్‌కి జెడ్‌స్టాండర్డ్ వాడలేమా? మా కాలేజీ ల్యాబ్‌లో క్యూఏటీ ఉన్న మెషిన్ లేదు. నేర్చుకోవడానికి ఏదైనా దారి ఉందా?

---

కావలి_కెర్నెల్ · కావలి

4వ తరం జియాన్‌లోని డివైస్ డిఫ్లేట్‌తో పాటు ఎల్‌జెడ్4 కూడా చేస్తుంది. జెడ్‌స్టాండర్డ్ పూర్తిగా చేయదు. పునరావృతాలు వెతికే బరువైన భాగం డివైస్ చేస్తే, మిగతాది సీపీయూ చేసేలా ఒక ప్లగిన్ ఉంది, జెడ్‌స్టాండర్డ్ 1.5.4 నుంచి దానికి దారి ఇచ్చారు.

నేర్చుకోవడానికి డివైస్ లేకపోయినా ఫర్వాలేదు. క్యూఏటీఇంజిన్‌లో సాఫ్ట్‌వేర్ దారి కూడా ఉంది. ఏవీఎక్స్-512 ఐఎఫ్‌ఎంఏ సూచనలు ఉన్న ప్రాసెసర్ అయితే ఎనిమిది ఆర్‌ఎస్‌ఏ పనులు పోగేసి ఒకేసారి చేస్తుంది. అసింక్ ఎందుకు కావాలో దానితోనే అర్థమైపోతుంది. కంప్రెషన్ పోల్చేటప్పుడు మామూలు జీజిప్‌తో పోల్చి హార్డ్‌వేర్ గెలిచిందనుకోవద్దు. ఇంటెల్ ఐఎస్‌ఏ-ఎల్ లైబ్రరీలోని ఐజిప్‌తో పోల్చు, అది సాఫ్ట్‌వేర్‌లోనే చాలా వేగం. దాన్ని కూడా దాటితేనే ఆ డివైస్‌కి డబ్బు పెట్టడంలో అర్థముంది.

---

ఒంగోలు_ర్యాకు · ఒంగోలు

ఇదంతా చదివాక మా దగ్గర మూలన పడేసిన పాత 8970 క్యూఏటీ కార్డు మళ్ళీ బయటికి తీద్దామనిపిస్తోంది. క్యూఏటీలిబ్ దాన్ని గుర్తించడం లేదు. ఏమైనా దారి ఉందా?

---

కావలి_కెర్నెల్ · కావలి

క్యూఏటీలిబ్ 4వ తరం జియాన్‌తోనూ ఆ తర్వాతివాటితోనూ వచ్చినవాటికే. మీది సీ62ఎక్స్ కుటుంబం, దానికి ఇంటెల్ విడిగా ఇచ్చే పాత డ్రైవర్ కావాలి. ఆ కార్డు ఒక్కటే అయినా లోపల మూడు డివైస్‌లు. ఈటీసీలో సీ6ఎక్స్ఎక్స్_డెవ్0, 1, 2 అని మూడు కాన్ఫిగ్ ఫైళ్ళు ఉంటాయి. చాలామంది మొదటిది ఒక్కటే మార్చి వదిలేస్తారు. మూడూ మార్చండి. షిమ్ సెక్షన్లో నంబర్‌ప్రాసెసెస్, నంబర్‌సీవైఇన్‌స్టెన్సెస్ ఈ రెంటి లబ్ధం డివైస్ మోయగలిగేంతలో ఉండాలి, దాటితే డివైస్ లేవదు. కంప్రెషన్ వాడకపోతే డీసీ ఇన్‌స్టెన్స్‌లు సున్నా పెట్టండి.

కెర్నెల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఆ డ్రైవర్ మళ్ళీ కట్టాలి. దానికి మనిషిని కేటాయించగలిగితేనే వాడండి.

ఇంకోటి, ఆ కార్డుకి సొంత ఫ్యాన్ లేదు. ర్యాకు సర్వర్‌లో గాలి బలంగా వీచే స్లాటులో పెట్టాలి. మామూలు టవర్ కేసులో, అదీ మన ఒంగోలు మే నెలలో, పెట్టొద్దు.

---

ఒంగోలు_ర్యాకు · ఒంగోలు

ర్యాకులోనే పెడతాను. మా కస్టమర్ల సైట్లలో ఎక్కువభాగం ఈసీడీఎస్‌ఏకి మారిపోయాయి కాబట్టి అసలు లాభం ఉందో లేదో ముందు కొలుస్తాను. మైపాడు అక్క అడిగిన ప్రశ్నలు నాకూ వర్తిస్తాయి.

---

పెన్నా_గట్టు · నెల్లూరు

అప్‌డేట్. నిన్న తెల్లవారుజామున విడవలూరు వైపు కరెంటు పోయి వచ్చింది. బాక్సులన్నీ ఎప్పట్లాగే ఒకేసారి ఎగబడ్డాయి. హెచ్‌ఏప్రాక్సీ థ్రెడ్లు తేలిగ్గానే ఉన్నాయి, రెండు డివైస్‌ల కౌంటర్లూ దాదాపు సమానంగా పెరిగాయి. ఆక్సిజన్ అలారాలు ఆగకుండా వెళ్ళాయి. ఒక రైతు ఫోను చేసి జనరేటర్ సకాలంలో వేసుకున్నానన్నాడు.

బ్యాకప్ స్క్రిప్టు కూడా మార్చాను. మండలాల వారీగా కాకుండా రోజు మొత్తాన్ని కొన్ని పెద్ద ఫైళ్ళు చేసి ఇస్తున్నాం. క్యూఏటీ లేని పాత డెస్క్‌టాప్ మీద గన్‌జిప్‌తో తెరిచి, పోస్ట్‌గ్రెస్‌లోకి ఎక్కించి చూశాం, సరిపోయింది.

చివరిగా ఒకటి అడుగుతాను. డివైస్ ఉన్నట్టుండి చచ్చిపోతే ముందుగా తెలిసే మార్గం ఉందా?

---

కావలి_కెర్నెల్ · కావలి

డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో అదే డివైస్ కింద హార్ట్‌బీట్ డైరెక్టరీ ఉంటుంది, అందులో స్టేటస్ ఫైలు. 0 వస్తే బాగుంది, -1 వస్తే ఫర్మ్‌వేర్ స్పందించడం లేదు. మీ మానిటరింగ్ దాన్ని కొంతసేపటికోసారి చదివేలా పెట్టుకోండి. దాంతోపాటు ఎఫ్‌డబ్ల్యూ కౌంటర్లలో వెళ్ళిన పనులు, తిరిగొచ్చిన జవాబులు రెండూ చూడండి. మొదటిది పెరుగుతూ రెండోది ఆగిపోతే వెంటనే అలారం కొట్టాలి. క్యూఏటీఇంజిన్‌ని సాఫ్ట్‌వేర్ ఫాల్‌బ్యాక్ ఆప్షన్‌తో కంపైల్ చేసి ఉంటే డివైస్ పడినా కనెక్షన్లు తెగవు. మీది ఎలా కంపైల్ చేశారో చూసుకోండి.

కెర్నెల్ అప్‌డేట్ అయ్యాక ప్రతిసారీ క్రిప్టో జాబితాలో ఎక్స్‌టీఎస్ వరస ఒకసారి చూడండి. 2025లో కెర్నెల్ వాళ్ళే క్యూఏటీ సిమ్ ప్రయారిటీని 4001 నుంచి 100కి దించారు. మీ డిస్ట్రోలోకి అది వచ్చేదాకా మీ బ్లాక్‌లిస్టు అలాగే ఉంచండి.

---

పెన్నా_గట్టు · నెల్లూరు

ఫాల్‌బ్యాక్ ఆప్షన్ లేకుండా కంపైల్ అయి ఉంది అన్నా, ఇప్పుడే చూశాను. ఈ రాత్రికి మళ్ళీ కట్టి పెడతాను. హార్ట్‌బీట్ మానిటరింగ్‌లో చేర్చేశాను.